పువ్వు విప్పిన తీగ

తీగ చివరను ఇత్తడి గుండులోంచి దూర్చి, అవతలికి వచ్చిన పోగులను బాలమ్మ సూదిమొనతో ఒక్కొక్కటిగా విడదీసింది. అవి గొడుగు ఊచల్లా విచ్చుకున్నాయి. తీగను వెనక్కి లాగితే ఆ పువ్వు గుండు లోపలి గుంటలో సరిగ్గా కూర్చుంది. దాన్ని యాసిడ్‌లో ఒకసారి, కరిగిన సీసంలో ఒకసారి ముంచి, మూడు లెక్కపెట్టి తీసి, తడిగుడ్డ చుట్టిన ఎడమ బొటనవేలితో ఒక్క తుడుపు తుడిచింది. గుండు మీద ఏటవాలుగా చిన్న నొక్కు పడింది. తట్టలో వేసి, తలెత్తి యజమాని గది వైపు చూసింది. తలుపు వేసే ఉంది.

తరువాతి తీగకు పువ్వు విప్పలేదు. ఆ తరువాతి ఎనిమిదింటికీ విప్పలేదు. నేరుగా గుండులో దూర్చి, సీసంలో ముంచి, తుడిచి, తట్టలో వేసింది. పైకి అన్నీ ఒకటే. గట్టిగా లాగితే తప్ప తేడా తెలియదు. గట్టిగా లాగేవాడు బండి నడిపేవాడు, అదీ ఎదురుగా ఏదో అడ్డం వచ్చినప్పుడు.

నిజాంపేట నుంచి బాచుపల్లి పోయే దారిలో, జామతోట వెనక ఉంది ఆ రేకుల షెడ్డు. బోర్డు లేదు. స్కూటర్లకు, మోటారు సైకిళ్లకు బ్రేకు తీగలు, క్లచ్చి తీగలు అక్కడ తయారవుతాయి. నలుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. బాలమ్మ వచ్చి పదకొండేళ్లు. అంతకుముందు మాదాపూర్ గుట్టల్లో కంకర కొట్టేది. ఇప్పుడా గుట్టలు సగం లేవు. వాటి చోట లేచిన అద్దాల బిల్డింగులో ఆమె భర్త ఎల్లేశం గేటు దగ్గర నీలం చొక్కా వేసుకుని నిలబడతాడు.

చేరిన కొత్తలో ఆమె ప్రతి తీగకూ పువ్వు విప్పేది. పాత పనివాడు నేర్పింది అదే. నెల తిరగకుండా యజమాని పిలిచి, "పువ్వులు దేవుడికమ్మా, గుండుకు సీసం చాలు," అన్నాడు. పువ్వుకు రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. రోజుకు నూట ఇరవై తీగలు కావాలి. తీగ కూడా అప్పట్లో పందొమ్మిది పోగులది వచ్చేది. ఇప్పుడు పన్నెండు. కొన్ని చుట్టలైతే పాత సామాన్ల దుకాణం నుంచి తుప్పుతో వస్తాయి, కిరోసిన్‌లో కడిగి ఆరబెడతారు. బాలమ్మ ఎదురు చెప్పలేదు. కానీ తలుపు వేసి ఉన్నప్పుడు పదికొకటి పువ్వు విప్పి చేస్తుంది. అది ఎవరి బండికి పోతుందో ఆమెకు తెలియదు. మిగతా తొమ్మిదీ ఎవరి బండ్లకు పోతాయో అదీ తెలియదు.

"అక్కా, ఇయ్యాల నీ చెయ్యి నడుస్తలేదు," అంది జయమ్మ పక్క బల్ల నుంచి. జయమ్మ లావుగా, గట్టి గొంతుతో ఉంటుంది. తయారైన తీగలను చుట్టచుట్టి ప్లాస్టిక్ ప్యాకెట్లలో పెట్టడం ఆమె పని. పేరున్న కంపెనీ అట్టలు కట్టలు కట్టలుగా ఎక్కడి నుంచో వస్తాయి. వాటి మీద వెండిరంగు గుండ్రటి స్టిక్కరు. ప్యాకెట్ అంచును కొవ్వొత్తి మంటకు చూపించి, వేడి మీద వేళ్లతో నొక్కితే అతుక్కుంటుంది. ఆ అంచు మీద సన్నటి నల్లగీత మిగులుతుంది. జయమ్మ దాన్ని గుడ్డతో తుడుస్తుంది.

"వేలు కోసుకపోయింది," అంది బాలమ్మ, చూపుడువేలికి చుట్టిన గుడ్డ చూపిస్తూ. "మా ఇంటాయన బండి ముందు బ్రేకు తీగ పట్టి చూసిన. మూడు పోగులే మిగిలినయి. ఒకటి కసుక్కున దిగింది."

"మూడు పోగుల మీద నడిపిస్తున్నడా? గట్టోడే."

నిన్న సాయంత్రం కొత్తగూడ దిగుడు దగ్గర కంకర టిప్పరు ఒక్కసారిగా ఆగితే, దాని వెనక జానెడు దూరంలో బండి ఆగిందని ఎల్లేశం అన్నం తింటూ నవ్వుతూ చెప్పాడు. ఆమె నవ్వలేదు. తెల్లవారగానే లేచి బండి దగ్గర కూర్చుంది. అది పాత రాజ్‌దూత్, ఎల్లేశం పెళ్లికి ముందు నుంచీ ఉంది. ఇవాళ్టికి బస్సులో పొమ్మని బండి తాళంచెవి కొంగుకు కట్టుకుంది. కానీ రేపటి నుంచి అతనికి తెల్లవారుజాము డ్యూటీ. ఐదున్నరకల్లా గేటు దగ్గర ఉండాలి. ఆ వేళకు నిజాంపేట నుంచి బస్సు లేదు.

"పరేషాన్ గాకు," అన్నాడు ఎల్లేశం పోతూ. "వచ్చేటప్పుడు కూకట్‌పల్లిల కంపెనీది కొనుక్కస్త. స్టిక్కరు చూసే తీసుకుంట."

స్టిక్కరు చూసే తీసుకుంటాడు. పొద్దుటి నుంచి బాలమ్మ చెయ్యి నడవనిది అందుకే. అతను కొనేలోపల ఆమె మంచిది తేవాలి.

ఈ షెడ్డులో ప్యాకెట్లు కడతారని ఎల్లేశానికి తెలియదు. రిపేరు షాపులకు విడి తీగలు చేస్తారని మాత్రమే ఆమె చెప్పింది. అతని నోట్లో మాట ఆగదు. గేటు దగ్గర పార్సిలు తెచ్చేవాడికి, చాయ్ పోసేవాడికి అన్నీ చెప్తాడు. చెప్తే పోయేది ఒక్క తన కూలి కాదు, నలుగురిది. ఆ కారణం నిజమే. సిగ్గు అంతకంటే పెద్ద కారణమని ఆమె ఎప్పుడూ పైకి అనుకోలేదు.

మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పకుండానే ఆటో ఎక్కి కూకట్‌పల్లి మెయిన్ రోడ్డుకు వెళ్లింది.

స్పేరుపార్టుల షాపాయనను వచ్చినవాళ్లందరూ రావుగారూ అంటున్నారు. నుదుట బొట్టు, చేతిలో తడిగుడ్డ, గాజుబల్ల తుడుస్తూనే మాట్లాడుతున్నాడు. గోదావరి వైపు మాట.

"రాజ్‌దూత్‌కు ముందు బ్రేకు తీగ కావాలె."

"కంపెనీదా, మామూలుదా అమ్మా?"

"రెండూ చూపియ్యి."

మామూలుది రబ్బరుబ్యాండు చుట్టి ఉంది. బాలమ్మ లోపలి తీగను రెండు వేళ్ల మధ్య వంచింది. వంగింది కాని తిరిగి లేవలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది. కిరోసిన్. పైతొడుగును చెవి దగ్గర పెట్టుకుని తీగను ముందుకూ వెనక్కూ లాగింది. ఇసుకలో గీసినట్టు గరగరమంది.

"పెళ్లిచూపుల్లో పిల్లను కూడా ఇంతలా చూడరమ్మా," అన్నాడు షాపాయన.

"పిల్ల నడిమిట్ల తెగదు గద సారూ."

బల్ల దగ్గర నిలబడిన మరో మనిషి గట్టిగా నవ్వాడు. షాపాయన కూడా నవ్వి, అద్దాల బీరువాలోంచి ప్యాకెట్ తీసి ముందు పెట్టాడు. వెండిరంగు స్టిక్కరు తళుక్కుమంది. "ఇదిగోండి, కంపెనీది. బిల్లు కూడా రాసిస్తాను."

బాలమ్మ దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టింది. ప్లాస్టిక్ కింద ఇత్తడి గుండు, దాని మీద సీసం, సీసం మీద ఏటవాలు నొక్కు. తన బొటనవేలు.

ఇది తను చేసిందే. పువ్వు విప్పిన దానిలో ఒకటా, విప్పని తొమ్మిదిలో ఒకటా? గుండు చెప్పదు. ఎటు తిప్పినా చెప్పదు. విప్పినదే అనుకున్నా తీగ పన్నెండు పోగులదే.

నాలుగేళ్ల క్రితం ఇదే రోడ్డు మీద ఆమె బస్సు ఆగింది. ముందు ఒక స్కూటరు పడి ఉంది, పక్కన టిఫిన్ డబ్బా మూత తెరుచుకుని ఉంది. బ్రేకు లీవరు నుంచి తీగ వేలాడుతోంది, చివర గుండు లేదు. బస్సులో అందరూ దిగి చూశారు. ఆమె దిగలేదు. ఆ గుండు రోడ్డు మీద ఎక్కడో పడి ఉండాలి. వెతికి చూస్తే తెలిసేది. చూడలేదు కాబట్టి కాదనీ అనుకోలేదు, అవుననీ అనుకోలేదు. మర్నాటి నుంచి తలుపు వేసి ఉన్నప్పుడల్లా పువ్వు విప్పడం మొదలుపెట్టింది.

"ఇది కంపెనీది గాదు," అంది.

తుడుస్తున్న చెయ్యి ఆగింది. "ఎలా చెబుతున్నారండీ? స్టిక్కరుంది. నేను కొన్న బిల్లుంది. వారంలో పది అమ్మాను, ఒక్కరూ తిరిగి రాలేదు."

తిరిగి రాకపోవడం మంచి గుర్తేనా అని బాలమ్మ అనుకుంది. షాపాయన మొహంలోకి చూసింది. అబద్ధం కనబడలేదు. అందుకని నమ్మకమూ కలగలేదు. అతను ఆమె మొహం చూడటం లేదు, చేతులు చూస్తున్నాడు. వేళ్ల మీద సీసం చిట్లిన మచ్చలు, గోళ్ల చుట్టూ యాసిడ్ తిన్న పసుపు.

"మీరెక్కడ పనిచేస్తారమ్మా?"

"ఇండ్లల్ల," అని చేతులు కొంగు కిందికి లాక్కుంది. "అసలుది యాడ దొరుకుతది?"

"సికింద్రాబాద్ డీలరు దగ్గర చెప్పాలి. పాత బండి కదండీ, సరుకు తక్కువొస్తోంది. నాలుగు రోజులు పడుతుంది." గొంతు తగ్గించాడు. "మీకేదైనా తెలిస్తే చెప్పండమ్మా. నేనూ పిల్లలున్నవాణ్ణే."

మాట ఆమె నోటిదాకా వచ్చింది. దగ్గు వచ్చింది. సీసం పొగ దగ్గు, రెండేళ్లుగా ఉంది. కొంగు అడ్డం పెట్టుకుని దగ్గి, అది తగ్గేసరికి ప్యాకెట్‌ను బల్ల మీద పెట్టి మెట్లు దిగింది. ఈ దగ్గుకు దవాఖానలో మాత్రలిచ్చారు. వాటిని విరిచి చూస్తే లోపల తెల్లగా సుద్దలా కనబడింది. వాటినీ నమ్మలేదు.

షెడ్డుకు తిరిగివచ్చేసరికి యజమాని గది తలుపు తీసి ఉంది. బాలమ్మ గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. పదకొండేళ్లలో ఆమె ఆ గదిలోకి తనంతట తాను వెళ్లడం ఇది మూడోసారి.

"సార్, పైన సాంపిల్ చుట్ట ఉన్నది గద. అందుల నుంచి ఒక్కటి కావాలె. మా ఇంటాయన బండికి."

గోడ మీది చెక్కబల్లపై తెల్లగుడ్డ కప్పిన తీగ చుట్ట ఉంది. పెద్ద వ్యాపారులు వచ్చినప్పుడు చూపించేది. పందొమ్మిది పోగులది. ఎవరూ కోయకుండా దాని బయటి కొసకు యజమాని ఎర్రరంగు పూసి పెట్టాడు.

"తట్టనిండా ఉన్నాయి కదమ్మా, ఒకటి తీసుకుపో. నేనేమన్నా అడుగుతానా?"

"అవి వద్దు సార్."

అతను కలం మూత పెట్టాడు. "చేసేది నువ్వు. నీకే నమ్మకం లేకపోతే కొనేవాడికి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

బాలమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. జామచెట్టు నీడలో అతని స్కూటరు ఉంది. "మీ స్కూటరుకు ఉన్నది గూడ నేనే చేసిన సార్. రెండుమాట్ల. ఏ చుట్టల నుంచి చేసిన్నో మీకు ఎరుకే."

యజమాని కుర్చీలో వెనక్కి వాలి ఆమెను కొత్తగా చూశాడు.

"మధ్యాహ్నం ఎక్కడికి పోయావు?"

"కూకట్‌పల్లికి."

"ఎవరిని కలిశావు? కంపెనీవాళ్లెవరన్నా వచ్చారా నీ దగ్గరికి?"

"తీగ కొనేతందుకు పోయిన సార్. అక్కడ గూడ మనదే ఉన్నది."

"ఏం చెప్పావు వాళ్లకు?"

"ఏం చెప్తా? చెప్తే నా నోట్లెకు బువ్వ పోతదా?"

అతను స్టూలెక్కి చుట్ట దించి, స్కేలు పెట్టి తనే కొలిచి, కొసను తనే కోసి, మళ్లీ ఎర్రరంగు పూశాడు. కోసిన ముక్కను ఆమె చేతిలో పెడుతూ, "ఇంకోసారి అడగకు," అన్నాడు. "ఎవరికీ చెప్పకు కూడా."

బాలమ్మ బల్ల దగ్గరికి వచ్చి ముందు పోగులు లెక్కపెట్టింది. పందొమ్మిది. మళ్లీ లెక్కపెట్టింది. సాంపిల్ చుట్టలోనైనా మధ్యలో ఏం చుట్టారో ఎవరికి తెలుసు? తీగను పొడవునా గోటి కింద జార్చింది, ఎక్కడా తట్టలేదు. కొత్త పైతొడుగు ఏరుకుని లోపల నాలుగు చుక్కల నూనె వేసింది. గుండు గుంటను సూదితో గీకి శుభ్రం చేసింది. పువ్వు విప్పింది. ఒక పోగు వంకరగా వచ్చిందని మళ్లీ మూసి మళ్లీ విప్పింది. సీసం మీది మురికి తీసేసి ముంచింది. మూడు లెక్కపెట్టడం ఆమె వేళ్లకు అలవాటు. ఈసారి పెదవులతో పైకే లెక్కపెట్టింది. తీగను తొడుగులో ఎక్కించి, రెండో చివరకూ అంతే చేసింది.

"జయా, జర ఇటురా."

గోడకు దిగేసిన ఇనుప కొక్కేనికి ఒక గుండు తగిలించి, కింది గుండుకు ఇనుప కడ్డీ తగిలించింది. జయమ్మ కడ్డీ పట్టుకుని వేలాడాలి.

"డెబ్బై కిలోలున్న నేను. ఇది నన్ను మోస్తే మీ ఆయనను మొయ్యదా?" అంటూ జయమ్మ కాళ్లు ముడిచింది. కొక్కెం కిర్రుమంది. తీగ బిగిసి సన్నగా పాడింది. గుండు కదలలేదు. జయమ్మ గాల్లో రెండుసార్లు ఊగి, "ఉయ్యాల మంచిగుందక్కా, రోజు చెయ్యరాదు," అంది. మిగతా ఇద్దరూ పని ఆపి నవ్వారు. బాలమ్మ మాత్రం గుండు దగ్గర కళ్లు పెట్టి, జుట్టుమందం సందైనా పడిందేమోనని చూస్తూ ఉంది.

సాయంత్రం పోయేముందు జయమ్మను ఒక ప్యాకెట్, ఒక అట్ట అడిగింది.

"నీకెందుకక్కా ప్యాకెట్?"

"స్టిక్కరు లేకపోతే మా ఆయన పెట్టుకోడు."

జయమ్మ ఆమె వంక చూసి కొవ్వొత్తి వెలిగించింది.

ఆరుగంటలకు ఎల్లేశం వచ్చాడు. చిన్న తుంపర పడుతోంది. గడప ఎక్కుతూనే సంచిలోంచి ప్యాకెట్ తీసి గాల్లో ఊపాడు. "ఇగో, కంపెనీది! బిల్లు గూడ రాయించుకున్న. పొద్దటి నుంచి ఫికర్ వెట్టుకున్నవు గద, ఇగ నిమ్మళంగుండు."

బాలమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచింది. చాయ్ గ్లాసు అంచును ఎడమ బొటనవేలితో ఏటవాలుగా ఒకసారి తుడిచి పక్కన పెట్టింది. "నేను గూడ తెచ్చిన."

ఎల్లేశం రెండు ప్యాకెట్లనూ పక్కపక్కన పట్టుకుని గుమ్మం వెలుతురులో చూశాడు. అదే అట్ట, అదే స్టిక్కరు. "రెండూ ఒక్కటే. నీదానికి బిల్లేది?"

"తీసుకోలే."

అతని కళ్లు చిన్నవయ్యాయి. "నీ షెడ్డు తీగనే యాడనో దొరికిన ప్యాకెట్ల పెట్టి తెచ్చినవా? నీ షెడ్డు మాల్ నా బండికి పెట్టనని ఎన్నిమాట్ల చెప్పిన? లోకమంతటిని అనుమానిస్తవు, నిన్ను మాత్రం నేను గుడ్డిగ నమ్మాలె."

ఆమె అతని చేతిలోని ప్యాకెట్ తీసుకుంది. గుండు మీద నొక్కు ఉంది. వారంలో పది అమ్మిన బీరువాలోంచి పదకొండోది తన ఇంటికే వచ్చింది. ఇది మంచిది కాదని చెప్పాలంటే ఎందుకు కాదో చెప్పాలి. అది చెప్పాలంటే పదకొండేళ్లు చెప్పాలి. రేపు తెల్లవారుజామున అతను చీకట్లో కొత్తగూడ దిగుడు దిగాలి.

"మంచిది, నీదే పెట్టుకో," అంది. "బురద కాళ్లు. ముందు కడుక్కొని రా, చాయ్ ఇస్త."

గెలిచినవాడిలా నవ్వి ఎల్లేశం పెరట్లో నల్లా దగ్గరికి పోయాడు. నీళ్ల చప్పుడు మొదలైంది. బాలమ్మ రెండు ప్యాకెట్ల అంచులూ విప్పింది. ఇవాళ తను చేసిన తీగను బిల్లున్న ప్యాకెట్‌లో పెట్టింది. బిల్లున్న తీగను తన ప్యాకెట్‌తో సహా మరో గదిలోకి తీసుకుపోయింది. నీళ్ల చప్పుడు ఆగేసరికి ఆమె చాయ్ గ్లాసుతో గుమ్మంలో ఉంది.

"ప్యాకెట్ విప్పి పెట్టిన. చూసుకో."

తుంపర ఆగింది. వాకిట్లో బండి పక్కన కూర్చుని ఎల్లేశం పాత తీగ ఊడదీసి కొత్తది ఎక్కించాడు. లీవరు నొక్కాడు. ముందు చక్రం టక్కున బిగిసింది.

"చూసినవా? కంపెనీది కంపెనీదే. పట్టు చూడు."

బాలమ్మ వంగి తనూ లీవరు నొక్కింది. మూడుసార్లు నొక్కి, చెవి దగ్గర పెట్టుకున్నట్టు తల వంచి విన్నది. ఎక్కడా గరగర లేదు. "ఆ, మంచిగున్నది," అంది.

ఎల్లేశం సామాను డబ్బా సర్దుతూ కటింగ్ ప్లేయర్ కనబడక వెతికాడు.

"లోపలున్నది, తెస్త," అని ఆమె వెళ్లింది. కాసేపటికి ప్లేయర్‌తో పాటు రెండో ప్యాకెట్‌నూ తెచ్చింది. అంచు అతికించి ఉంది. గుమ్మం పక్క మేకుకు తగిలించింది.

"స్పేరు కింద ఉండనియ్యి," అన్నాడు ఎల్లేశం. "పనికొస్తది."

"ఉండనియ్యి."

మర్నాడు తెల్లవారకముందే అతను బయలుదేరాడు. బాలమ్మ వాకిట్లో నిలబడి బండి చప్పుడు విన్నది. సందు చివర మలుపులో చప్పుడు తగ్గింది, ఆగింది, మళ్లీ పెరిగింది. మలుపులో బ్రేకు నొక్కాడన్నమాట. అది పూర్తిగా వినబడకుండా పోయాక లోపలికి వెళ్లి, అన్నం డబ్బా కట్టుకుని షెడ్డుకు బయలుదేరింది.

ఆ పుష్యమాసంలో బాలమ్మ పోయింది. జ్వరం నాలుగు రోజులు, దగ్గు మాత్రం పాతదే. దవాఖాన వరండాలో మంచం దొరికింది. మూడోరోజు మధ్యాహ్నం ఎల్లేశం డ్యూటీ బట్టలతోనే వచ్చి కూర్చున్నాడు. ఆమె ముందు ఏ దారిన వచ్చాడో అడిగింది.

"కొత్తగూడ మీదంగనే."

"బ్రేకు పడుతున్నదా?"

"పడకేం చేస్తది? కంపెనీది గద."

నర్సు ఇచ్చిన మాత్రను ఆమె ఈసారి విరిచి చూడకుండా మింగింది. తెల్లవారి అతను డ్యూటీ నుంచి వచ్చేసరికి మంచం మీద మరో మనిషి ఉంది.

ఎల్లేశం బండి అట్లాగే నడిచింది. ఆ దిగుడు పక్క గుట్టలు పోయి గోడలు లేచాయి, టిప్పర్లు పోయి కార్లు వచ్చాయి. రెండో ఏడు వానాకాలంలో కొత్తగూడ మెకానిక్ క్లచ్చి బాగుచేస్తూ, "ముందు బ్రేకు తీగ గూడ రెండేండ్లాయె గద కాకా, మార్చుకో," అన్నాడు.

"ఇంట్ల కంపెనీది ఉన్నది, కొత్తది. అదే పెట్టుకుంట," అన్నాడు ఎల్లేశం.

ఆదివారం పొద్దున మేకు మీది ప్యాకెట్ దించి దుమ్ము తుడిచాడు. స్టిక్కరు ఇంకా మెరుస్తోంది. అంచు మీద సన్నగా నల్లటి కొవ్వొత్తి మసి ఉంది. కంపెనీవాళ్లు కొవ్వొత్తితో అతికిస్తారా అని అనుమానం వచ్చింది. అంచు చింపి ఒంపితే తీగ రెండు ముక్కలుగా అరచేతిలో పడింది.

మొదట షాపువాడిని తిట్టబోయాడు. కానీ ఇది షాపుది కాదు, బాలమ్మ తెచ్చింది. కావాలని ఎవరో నడిమికి కోశారు. ఆ రాత్రి కనబడకుండా పోయిన కటింగ్ ప్లేయర్ గుర్తొచ్చింది. గుండు మీద ఏటవాలు నొక్కు చూశాడు. వాకిట్లోకి పోయి బండి లీవరు విప్పి అక్కడి గుండును చూశాడు. దాని మీదా అదే నొక్కు. చాయ్ గ్లాసు అంచు మీద ఇరవై ఆరేళ్లు చూసిన తుడుపు. రెండూ ఒక చేతివే అయితే, ఒకదాన్ని కోసి, ఒకదాన్ని తన బండికి పెట్టనిచ్చింది. బిల్లు ఏ తీగదో, తను ఇన్నాళ్లూ ఏ తీగ మీద ఆ దిగుడు దిగాడో అప్పుడు తెలిసింది.

కోసిన తీగ గుండును లీవరులో తగిలించి రెండు వేళ్లతో లాగాడు. పెద్దగా బలం పెట్టలేదు. గుండు ఊడి మట్టిలో పడింది.

చాలాసేపటికి లేచి, దాన్ని వెతికి తెచ్చి, అన్నిటినీ మళ్లీ ప్యాకెట్‌లో పెట్టి మేకుకు తగిలించాడు. వెండిరంగు స్టిక్కరు వెనక రెండు తీగముక్కలు. తెగిన పోగులు తీసినవాళ్ల వేలికి గుచ్చుకోకుండా, బాలమ్మ ఆనాడే రెండు కొసలకూ ఎర్రదారం బిగించి చుట్టి, ముడి మీద ముడి వేసి ఉంచింది.